ఉంగ్‌తో ముగిసే నాలుగు మాటలు

ఉట్నూర్, జైనూర్, తిర్యాణి దిక్కు నుంచి పనికోసమో, చదువుకోసమో వచ్చి నస్పూర్‌లో అద్దె ఇండ్లల్ల ఉంటున్నవాళ్లం మేము. ఇంట్లో పెద్దలు గోండిలో పిలుస్తరు. పిల్లలకు అర్థమైతది గాని జవాబు తెలుగులో ఇస్తరు. బడిలో గోండి మాట వస్తే తోటిపిల్లలు నవ్విన రోజులు మాలో చాలామందికి ఉన్నయి. ఆ నవ్వుకు భయపడి మా తమ్ముళ్లు, చెల్లెండ్లు మాట మానేయకూడదని ఆదివారం పూట వాళ్లను కూర్చోబెట్టి మాటల ఆట ఆడిస్తున్నం.

ఆట చిన్నదే. ఒకరు ఒక మాట చెప్తరు. అది ఎట్ల ముగిసిందో అట్లనే ముగిసే మాట పక్కవాళ్లు చెప్పాలె. మొదట ఊర్ల పేర్లతో మొదలుపెడతం. నస్పూర్ అంటే శ్రీరాంపూర్, జైపూర్, సిర్పూర్, నాగోబా జాతర జరిగే కేస్లాపూర్ వరుసగా వస్తయి.

తర్వాత కొలత మాటలు. పిడికెడు, దోసెడు, చారెడు, బుక్కెడు, జానెడు, మూరెడు, బారెడు, గంపెడు, తట్టెడు. ఇప్పుడు బడిపిల్లలు కిలోలు, మీటర్లే అంటరు. అందుకని ప్రతి మాటకూ చేత్తో కొలిచి చూపించాలని నియమం పెట్టినం. ఒకసారి గని కార్మికుల ఇంటి పిల్లవాడు ‘టబ్బెడు’ అన్నడు. బొగ్గు నింపే టబ్బు వాడికి తెలుసు. నిఘంటువులో ఉందా లేదా అని చూడకుండా ఒప్పుకున్నం.

అసలు ఆట గోండిలోకి వచ్చినప్పుడు మొదలైతది. ఏర్ అంటే నీళ్లు, నార్ అంటే ఊరు, కొర్ అంటే కోడి. మూడూ ఒకే తీరు ముగుస్తయి. కోలాం పిల్లలుంటే నీళ్లకు ఈర్, ఊరికి ఊర్ అని వాళ్ల మాటలు కలుపుతరు. రెండు భాషలు ఎంత దగ్గరివో అక్కడే తెలుస్తది.

ఇక అంకెలు. ఉంది, రండ్, మూండ్ అయిన తర్వాత నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్, ఏడుంగ్ వస్తయి. నాలుగు నుంచి ఏడు దాకా అన్నీ ‘ఉంగ్’తోనే ముగుస్తయి. పిల్లలు పాటలెక్క ఒక్కసారికే పట్టుకుంటరు. సరిగ్గా ఈ నాలుగు అంకెల మీదనే మన సగాలు నిలబడ్డయి. నాల్వెన్, సీవెన్, సార్వెన్, ఏర్వెన్ అంటే నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగాలు. గోండిలో దేవతను పేన్ అంటరు.  ఒకే సగాలోని వాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు. వాళ్ల మధ్య పెండ్లి కుదరదు.

పట్నంలో పెరిగే పిల్లలకు ఇంటిపేరు తెలుసు, సగా తెలియదు. రేపు సంబంధం చూసే నాడు పెద్దలు ‘ఎన్ని దేవతలోళ్లు?’ అని అడిగితే ఏం చెప్తరు? అందుకే ‘ఏడుంగ్’ అన్న పిల్లవాణ్ని అక్కడ ఆపి, నీది ఏ సగా అని అడుగుతం. తెలియకపోతే ఇంటికి పోయి అడిగి, వచ్చే వారం చెప్పాలె. అట్ల అడగబోయిన పిల్లలతో తాతలు, అవ్వలు గోండిలోనే మాట్లాడుతున్నరు.

గోండిలో చదువు చెప్పడం కొత్త ముచ్చట కాదు. హైమండార్ఫ్ కాలంలో, 1943లో, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చినయి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. 2011 జనగణనలో గోండి తమ భాష అని చెప్పినవాళ్లు 29 లక్షలకు పైనే. ఇంతమంది మాట్లాడే భాష మన ఇంటి పిల్లల నోట్లో ఆగిపోవద్దు.

టీచర్లను ఒకటే అడుగుతున్నం. తరగతిలో తెలుగు ప్రాస మాటలు చెప్పించేటప్పుడు, ‘మీ ఇంట్లో ఇట్ల ముగిసే మాట ఏముంది?’ అని అడగండి. వచ్చిన మాటను, చెప్పిన పిల్లల పేరుతో, బోర్డు మీద రాయండి.