తీగలేని మీట

బొమ్మరైలనగానే అది పురుషులకును మగపిల్లలకును చెందిన వినోదమనియు, దానిపై దుమ్ము దులుపుటయే మన వంతనియు తలంచువారు పెక్కుమంది గలరు. వినోదమందైనను మీట ఎవరి చేతనున్నదన్న ప్రశ్న చిన్నది కాదు. మా యింట జరిగిన సంగతియే ఇందుకు నిదర్శనము.

మేము ఇంగ్లండులో కాపురమున్నాము. మా మామగారు కాజీపేటలో 35 ఏండ్లు రైలింజను నడిపి, ఉద్యోగము చాలించిన పిమ్మట మావద్దకు వచ్చిరి. ఈ దేశమున చిన్నరైళ్ల సరదా చాల పాతది. లివర్పూలు నగరమున ఫ్రాంకు హార్న్‌బీ 1920లో కీ యిచ్చి నడపు బొమ్మరైళ్లను వెలువరించెను. ఆయన స్థాపించిన కంపెనీ 1938లో విద్యుత్తుతో నడచు చిన్నకొలత రైళ్లను అమ్మ మొదలిడెను. నేటికిని పాతసామానుల అంగళ్లలో పాత బొమ్మయింజనులు దొరకును. మామగారు ఏటేట ఒకటి రెండు చొప్పున 18 ఇంజనులు కూర్చి, స్వహస్తములతో బాగుచేసి, మేడగదిలో గోడల పొడవున బల్లలు వేయించి పట్టాలు పరచిరి.

ఆ పట్టాల నడిమి దూరము 16.5 మిల్లీమీటర్లు. వీనిని నడపు విధమును అనలాగు పద్ధతి యందురు. 12 వోల్టుల వరకు విద్యుత్తును పట్టాలలోనికే పంపుదురు. వోల్టులు పెంచిన వేగము హెచ్చును, తగ్గించిన మందగించును, రెండు పట్టాల ధనఋణములను తారుమారు చేసిన బండి వెనుకకు నడచును. ఇంజనులో మోటారు గలదే గాని బుద్ధి లేదు. ఆ బుద్ధి యంతయు మూలనున్న కంట్రోలరు పెట్టె మీటలోనిదే. కావున పెట్టెకడ కూర్చున్నవారే డ్రైవరు, తక్కినవారము చూపరులము.

రెండేండ్ల క్రిందట మామగారి మోకాళ్లు పట్టుదప్పెను. బల్ల క్రిందుగా వంగి ఆ మూలకు పోవుట ఆయనకు సాధ్యము కాకపోయెను. కిటికీచెంత కుర్చీలో కూర్చుండి, కదలని బండ్లవంక మౌనముగ చూచుచుండెడివారు. ఒకనాడు, “ఇవన్నియు అమ్మివేయుడమ్మా, గది మీకు పనికివచ్చును” అనిరి. ఆ మాట మాకు ములుకువలె తగిలెను. అన్నియేండ్లు బండి నడిపిన చేయి ఇక దేనిని పట్టుకొనును?

డిజిటల్ పద్ధతికి మారుడని తెలిసినవారు సలహా యిచ్చిరి. అందు ప్రతి యింజనులోను డికోడరను చిన్న చిప్పు నమర్చవలయును. పాతయింజనులు కొన్నింటిలో మోటారునకును లోహపు చట్రమునకును విద్యుత్తు కలిసియే యుండును. దానిని వేరుచేసి తీగలను టంకముతో అతుకవలయును. పదునెనిమిదింటికి అట్లు చేయించుట మా సంసారమునకు మించిన ఖర్చు.

అప్పుడు మా అమ్మాయి వెదకి కనుగొన్నది తీగలేని థ్రాటిల్. వేగమును హెచ్చించి తగ్గించు మీటకే థ్రాటిల్ అని పేరు. ఇది ఇంజనును ముట్టదు. విద్యుత్తు నిచ్చు అడాప్టరునకును పట్టాలకును నడుమ రిసీవరను చిన్నపెట్టె నుంచుదురు. అరచేతిలో ఇమిడెడు పరికరముపైని గుండీని త్రిప్పగా, ఆ యాజ్ఞ రేడియో తరంగములద్వారా రిసీవరును చేరును. మేము కొన్నదానిలో రిసీవరు విద్యుత్తును క్షణక్షణము విడుచుచు ఆపుచు నుండును. విడుచు కాలము హెచ్చినకొలది వేగము హెచ్చును. కుళాయిని సగము త్రిప్పుటకు మారుగా, పూర్తిగా విప్పుచు కట్టుచు బిందెలో వలసినంత నీరే పట్టినట్లనుకొనుడు.

కొనదలచినవారు కొన్ని సంగతులు గమనింపవలయును. పాత కంట్రోలరును పట్టాలనుండి విడదీసిన పిమ్మటనే క్రొత్తది తగిలింపవలెను. రెండును ఒకే పట్టాలకు తగిలియున్న చెడిపోవచ్చును. రిసీవరు ఎన్ని ఆంపియర్లు భరించునో చూడవలెను. రేడియో సంకేతము తెగినచో బండి ఆగునో, సాగిపోవునో ముందే అడిగి తెలిసికొనవలెను. ఒకే పట్టాలపై రెండింజనులున్న రెండును కదలుట అనలాగు పద్ధతి స్వభావము. మీటకు తీగ లేకపోయినను అది మారదు. పట్టాలను భాగములుగా విడదీసి స్విచ్చులు పెట్టుటయే దానికి ఉపాయము. మామగారు ఆ పని మునుపే చేసియుండిరి.

ఇప్పు డాయన కిటికీకడ కూర్చుండియే బండి నడపుదురు. స్విచ్చులకడ మేము, స్టేషనుకడ మా అమ్మాయి. మీట మూలనున్నంతకాలము దానిని మరియొకరు ముట్టి యెరుగరు. చేతిలోనికి వచ్చిన తరువాత ఒక చుట్టు పూర్తికాగానే ఆయనయే దానిని ప్రక్కవారి కందించుచున్నారు. మొన్న మా అత్తగారు తొలిసారిగా బండి నడిపి, స్టేషనులో కుదుపు లేకుండ ఆపిరి. మామగారు గడియారము చూచి, “రెండు నిమిషము లాలస్యము” అనిరి. “డ్యూటీనుండి మీరింటికి వచ్చినదానికన్న త్వరగానే వచ్చితిని లెండు” అని అత్తగారు బదులుచెప్పిరి.

ఇల్లంతయు నవ్వెను. గది ఖాళీచేయు మాట మరల మా చెవిని పడలేదు.