కాలువకట్ట, కడుపులో కట్ట

కడప నుండి కర్నూలు పోయే పెద్దరోడ్డు మీద మైదుకూరు దాటితే దువ్వూరు వస్తుంది. బస్సు దిగి పొలాల వైపు నడిచారంటే పచ్చని వరిమళ్ళు, వాటి పక్కనే వెడల్పాటి ఆకుల పసుపుతోటలు కనిపిస్తవి. ఎండలకు పేరుబడిన కడప జిల్లాలో ఇంత పచ్చదనం ఎక్కడిది? అంతా కె.సి. కాలువ చలవ! కె.సి. అంటే కర్నూలు–కడప. తుంగభద్ర మీద సుంకేసుల వద్ద బయలుదేరి, సుమారు 300 కిలోమీటర్లు సాగే కాలువ ఇది. 1860ల్లో ఒక ప్రైవేటు కంపెనీ దీనిని తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనుక్కున్నది. ఒకప్పుడు ఇందులో పడవలు కూడా నడిచేవి.

ఉద్యోగం విరమించిన తరువాత కూడా నేను ఈ వైపు వచ్చినప్పుడల్లా కాలువకట్ట మీద కొంతదూరం నడుస్తాను. అప్పుడు నాకు రెండు సంగతులు జ్ఞాపకం వస్తవి. మొదటిది ఒక గండి కథ.

నా చిన్నతనంలో ఒక రాత్రి పిల్లకాలువ కట్టకు చిన్న గండి పడింది. కాపలా తిరిగే లస్కరు కేక వేశాడు. జనం పారలు, గంపలు పట్టుకుని పరుగెత్తి వచ్చారు. చీకట్లో, కంగారులో, చేతికందిన మట్టినల్లా తవ్వి గండిలో పోశారు. ఆ మట్టి ఎక్కడిదో తెలుసా? పక్కనున్న కట్టదే! తెల్లవారేసరికి అక్కడ రెండో గండి పడింది. దానిని పూడ్చడానికి మరింతమంది వచ్చారు. వచ్చినవారందరూ మంచివారే. అయినా వారు తవ్వినకొద్దీ కట్ట బలహీనపడింది.

రెండవది నా దగ్గర పదవ తరగతి చదివిన ఒక పిల్లవాడి కథ. చాలా చురుకైనవాడు. ఉన్నట్టుండి గంటగంటకూ "బయటికి వెళ్ళొస్తాను సార్" అని లేవడం మొదలుపెట్టాడు. పాఠం తప్పించుకుంటున్నాడనుకుని నలుగురిలో కసిరాను. మరునాటి నుండి బడికి రాలేదు. ఇంటికి వెళ్ళి చూస్తే మంచం పట్టి ఉన్నాడు. నెలల తరబడి విరేచనాలు, వాటిలో నెత్తురు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. పెద్దాసుపత్రిలో కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పేగు లోపల చూసి, 'అల్సరేటివ్ కోలైటిస్' అని తేల్చారు. అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడటం. దీనికి తోబుట్టువు వంటి జబ్బు మరొకటి ఉన్నది. అది క్రోన్స్ వ్యాధి. 1932లో అమెరికా వైద్యుడు బరిల్ క్రోన్, ఆయన సహచరులు దానిని వర్ణించారు. అది జీర్ణమార్గంలో ఎక్కడైనా రావచ్చు.

ఈ జబ్బుల్లో లోపల ఏమి జరుగుతుంది? మళ్ళీ కాలువకట్ట దగ్గరికే రండి. మన పేగు కూడా ఒక కాలువే. చిన్నపేగు ఇంచుమించు 6 మీటర్లు, పెద్దపేగు ఒకటిన్నర మీటరు. అందులో ఆహారంతోపాటు లక్షల కోట్ల సూక్ష్మజీవులు ఉంటవి. వాటిలో చాలావరకు మనకు మేలు చేసేవే. కాని అవి కాలువలో ఉన్నంతవరకే మేలు. మరి వాటికీ మన ఒంటికీ మధ్యనున్న కట్ట మందం ఎంత? ఒకే ఒక్క కణం వరుస! ఆ కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటవి. కొన్ని కణాలు జిగురు తయారుచేసి పైన పరుస్తవి. కొద్ది రోజులకే పాత కణాలు రాలిపోయి, కొత్తవి వస్తవి.

ఈ కట్ట వెనుక లస్కర్లు ఉన్నారు. వారే రక్షక కణాలు. కట్ట కణాలు కొన్ని రసాయనాల ద్వారా "ఇక్కడ అంతా సవ్యమే" అని కబురు పంపుతవి. రక్షక కణాలు శాంతంగా ఉంటవి. అవి కూడా కట్ట మరమ్మతుకు సాయపడే రసాయనాలను పంపుతవి. ఇలా ఇచ్చిపుచ్చుకుంటూ కాపురం చేస్తవి.

జబ్బులో ఈ మాటామంతీ చెడుతుంది. దీనికి కారణం ఒక్కటి కాదు. వంశంలో వచ్చిన లక్షణాలు, సూక్ష్మజీవులు, తిండి, పరిసరాలు అన్నీ కలుస్తవి. జిగురు పలచబడిన చోట సూక్ష్మజీవులు లోపలికి చొరబడతవి. రక్షక కణాలు టి.ఎన్.ఎఫ్. అనే రసాయనాన్ని వదులుతవి. అది మరికొన్ని రక్షక కణాలను పిలుస్తుంది. అంతేకాదు, కట్ట కణాల అతుకులను కూడా వదులు చేస్తుంది! దానితో మరిన్ని సూక్ష్మజీవులు వస్తవి, మరిన్ని రక్షక కణాలు వస్తవి. గండి పూడ్చబోయి కట్టను తవ్వడమంటే ఇదే.

అయితే లస్కర్లందరినీ పంపివేయాలా? వీలులేదు. అప్పుడు వేరే రోగాలు వచ్చిపడతవి. వారిని శాంతింపజేసి, కట్ట మానడానికి వ్యవధి ఇవ్వాలి. టి.ఎన్.ఎఫ్.ను అడ్డగించే మందుకు 1998లో అమెరికాలో అనుమతి లభించింది. క్రోన్స్ రోగుల్లో కొందరికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వెనుక మన తెలుగువాడున్నాడు. ఆయన 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే మరొక పేగు జబ్బు ఆయన ఇద్దరు సోదరులను బలిగొన్నది. ఆయనా దానితో బాధపడ్డాడు. తరువాత అమెరికాలో ఆయన నడిపిన పరిశోధనల నుండే ఈ మందు పుట్టింది.

ఇది పట్నాల జబ్బనుకోకండి. పల్లెల్లోనూ ఉన్నది. మన దేశంలో పేగు క్షయ కూడా అచ్చం క్రోన్స్ లాగానే కనిపిస్తుంది. కాబట్టి పరీక్షలు చేసి వైద్యులే తేల్చాలి.

నా శిష్యుడి జబ్బు పూర్తిగా పోయేది కాదు. కాని మందులతో అదుపులోకి వచ్చింది. మరుసటి ఏడు పరీక్ష వ్రాసి ప్యాసయ్యాడు. నేను క్షమాపణ చెప్పబోతే, "నేనే మీకు ముందుగా చెప్పవలసింది సార్" అన్నాడు. కాదు, నేనే అడగవలసింది.

బాలలూ! విరేచనంలో నెత్తురు కనిపించినా, వారాల తరబడి కడుపు బాగుండకపోయినా, ఒళ్ళు తగ్గుతున్నా అమ్మకో నాన్నకో వెంటనే చెప్పండి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఇది అంటుజబ్బు కూడా కాదు. పెద్దలకు కూడా ఒక మాట. పిల్లవాడు మాటిమాటికీ బయటికి పోతానంటే కసరకండి. దగ్గరికి పిలిచి, ఎందుకని మెల్లగా అడగండి. చిన్న గండిని పగటిపూటే చూసుకుంటే, రాత్రివేళ ఊరంతా పరుగెత్తవలసిన పని ఉండదు.