అవ్వ నెంబరు 117

జూన్ వస్తే నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో అందరి చూపూ ఆకాశం మీదే. పదునుకు సరిపడా వాన పడిందా, వేరుశనగ వేసేయాలి. ఆలస్యమైతే ఆ ఏడు అంతే. అలాంటి రోజున విత్తనకాయల కోసం పొద్దున్నుంచి వరుసలో నిలబడ్డ అవ్వతో కంప్యూటర్ ముందున్న కుర్రాడు అన్నాడు... ''నువ్వు తీసకపోయినావు కదవ్వా!''

తీసుకున్నది ఆమె కాదు. అదే ఊళ్లో అదే పేరున్న ఇంకొకామె. భర్తల పేర్లూ ఒకటే. కదిరి నరసింహస్వామి చలవతో ఆ వైపు ఇంటికో నరసింహులు, వీధికో నరసమ్మ ఉంటారు మరి!

ఆ రైతుల జాబితాకు ప్రోగ్రాం రాసింది ఎవరో కాదు, అవ్వ మనవడే. బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరాడు. పేరు, భర్త లేదా తండ్రి పేరు, ఊరు... ఈ మూడూ చాలు మనిషిని గుర్తుపట్టడానికి అనుకున్నాడు. కంప్యూటర్ ఇద్దరు ఆడవాళ్లనూ ఒక్కరిగానే లెక్కగట్టింది. అవ్వ రెండెకరాలూ ఆ ఏడు బీడుపడ్డాయి. ఆమె మనవడిని ఒక్క మాటా అనలేదు. అతనికి అదే ఎక్కువ బాధ.

పద్ధతి మార్చాడు. దాన్ని 'ఆటో ఇంక్రిమెంట్' అంటారు. కొత్త పేరు చేరిన ప్రతిసారీ డేటాబేసే తన లెక్కకు ఒకటి కలిపి ఆ అంకె ఇస్తుంది. ఒకే క్షణంలో రెండు చోట్ల ఇద్దరు నమోదైనా ఒకరికి 41, ఇంకొకరికి 42.

తిరకాసు కూడా ఉంది. నమోదు మధ్యలో ఆగిపోతే, తీసిన అంకె వెనక్కి రాదు. జాబితాలో 37 తర్వాత 39 కనబడేసరికి ఓ రైతు లేచాడు... ''38 కాయలు ఎవురు తినిరప్పా?'' న్యాయమైన అనుమానమే! పోయింది అంకేగానీ కాయలు కాదని నచ్చజెప్పేసరికి మనవడి తలప్రాణం తోకకొచ్చింది. ఖాళీలు పూడ్చమని కాయలు పంచే సంస్థవాళ్లూ అడిగారు. ఒప్పుకోలేదు. పూడ్చడం మొదలుపెడితే, పేరు తీసేసిన రైతు నెంబరు కూడా ఇంకొకరికి పోతుంది. పాత చీటీ పట్టుకుని అతనొస్తే మళ్లీ అవ్వ కథే.

అలాగని వరుస అంకె ఒక్కటే చాలదు. ఒకే రైతు రెండుసార్లు రాయిస్తే మారుమాట లేకుండా రెండు నెంబర్లు ఇచ్చేస్తుంది. అందుకని పట్టాదారు పాసుపుస్తకం నెంబరు రెండోసారి ఎక్కకుండా విడిగా కట్టడి పెట్టాడు. మరి ఆ పుస్తకం నెంబరే వాడొచ్చుగా? పుస్తకాలు మారుతుంటాయి, భూమి కొడుకుల పేరుకు పోతుంటుంది.

నెంబరులోనే జిల్లా, మండలం గుర్తులుండాలని ఇంకో పట్టు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ జాబ్‌కార్డులకు అలాగే ఉండేది. చూడగానే ఊరు తెలిసేది, నిజమే. మనవడు మాత్రం జిల్లాను వేరే గడిలో పెట్టాడు. 2022 ఏప్రిల్ 4న నల్లమాడ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఆ గడి మార్చాడంతే. నెంబర్లు ఒక్కటీ కదల్లేదు.

ఇంతకీ కొత్త పద్ధతిలో అవ్వకు వచ్చింది 117. చీటీ అటూ ఇటూ తిప్పి చూసింది.

''సొంత మనవడివి... ఒకటో నెంబరు ఇయ్యలేకపోతివా అబ్బీ?''

అతను నవ్వి, కాయల మూట భుజానికెత్తుకున్నాడు.