ప్యాచ్ పంపే ముందు

లినక్స్ కెర్నెల్‌కి ప్యాచ్ పంపాలంటే నేటికీ ఈమెయిలే దారి. కోడ్ రాయడం ఒక ఎత్తు. ఎవరెవరికి పంపాలి, ఇది ఎన్నో వెర్షన్, కవర్ లెటర్ ఎక్కడ దాచుకోవాలి అన్నది ఇంకో ఎత్తు.

మాంట్రియల్‌లో ఉంటూ లినక్స్ ఫౌండేషన్‌కి పనిచేసే కాన్‌స్టాంటిన్ ర్యాబిట్సెవ్ 2020లో 'బీ4' అనే కమాండ్ లైన్ టూల్ తెచ్చారు. మొదట్లో అది మెయిళ్లలోంచి ప్యాచ్‌లు ఏరుకునేవాళ్లకే. పంపేవాళ్ల గోడు 2022లో వినిపించింది: ప్రెప్, సెండ్ అనే కమాండ్లు వచ్చాయి. ఇప్పుడు కవర్ లెటర్ గిట్ బ్రాంచిలోనే ఉంటుంది, వెర్షన్ అంకె దానంతటదే పెరుగుతుంది.

నాకు ముచ్చటేసేది మాత్రం సెండ్‌లోని రిఫ్లెక్ట్ అనే చిన్న ఆప్షన్. అది పెడితే మెయిల్ మెయింటెయినర్లకు పోదు, ముందు మనకే వస్తుంది. అంత జనం చూసేలోపు మన రాత మనమే ఓసారి చదువుకోవచ్చు. గిట్‌హబ్‌లో బటన్ నొక్కి కోడ్ పంపడానికి అలవాటుపడ్డ కుర్రకారుకి ఇదంతా చాదస్తమే. నాకైతే ఆ చాదస్తం నచ్చింది.