సన్న లాప్‌టాప్‌కు పాత హార్డ్‌డిస్క్ పెట్టేముందు

ఇయ్యాల వరి గురించి కాదు, లాప్‌టాప్ గురించి రాస్తున్న. కొంచెం పెద్దగున్నది గనీ, ఓపికతోటి చదువుండ్రి. ఇంట్ల పాత హార్డ్‌డిస్క్ ఉన్నోళ్లకు పనికొస్తది.

చదువుకునే పిల్లలున్న ఇంట్ల ఇప్పుడు లాప్‌టాప్ కొనక తప్పుతలేదు. విండోస్ 10కు కంపెనీ సపోర్టు 2025 అక్టోబర్ 14తోటి అయిపోయింది గనుక, పాత కంప్యూటర్ పక్కకు పెట్టి కొత్తది తెచ్చేటోళ్లు కూడ ఉన్నరు. కొత్తవి నోట్‌బుక్కంత సన్నగ వస్తున్నయ్. అంత తేలిక ఎట్లయినయంటే, దాంట్లకెల్లి చానా తీసేసిన్రు. సీడీ పెట్టే జాగ లేదు. ఇంటర్నెట్ వైరు పెట్టే జాగ లేదు. కొన్నిట్లనైతే పెన్‌డ్రైవ్ పెట్టే పాత వెడల్పు పోర్టు కూడ లేదు. రెండు టైప్-సి పోర్టులు, అంతే. మా బిడ్డకు కొన్నది గూడ గసొంటిదే.

మా హార్డ్‌డిస్క్‌ల ఏమున్నదో చెప్త, అప్పుడు నా పరేషాన్ మీకు సమజైతది. 2016 అక్టోబర్ 11 దాకా పేరుకు మాది మెదక్ జిల్లా గనీ కలెక్టర్ ఆఫీసు సంగారెడ్డిల ఉండె. ఆ రోజు మెదక్ పట్నం జిల్లా కేంద్రమైంది. తర్వాత 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ఆఫీసు మారినా, పోర్టల్ మారినా రైతు చేతిల ఉండాల్సినయి పాత కాయితాలే. మా నాయిన నాటి పహాణీ నకళ్లు, పాత పాస్‌బుక్కు, శిస్తు రశీదులు ముట్టుకుంటే చినిగేటట్టు అయినయని అన్నీ స్కాన్ చేయించి ఆ డిస్క్‌ల పెట్టిన. మా అమ్మ నాట్లేసుకుంట పాడిన పాటలు, ఫోన్ల రికార్డు చేసినయి, గవి కూడ దాంట్లనే ఉన్నయ్. అమ్మ ఇప్పుడు లేదు.

కొత్త లాప్‌టాప్‌తోటి దుకాణపాయన ఒక చిన్న హబ్ ఇచ్చిండు. అన్నీ దీనికే పెట్టుకోవచ్చు అన్నడు. మౌస్, కీబోర్డు, ప్రింటరు, హార్డ్‌డిస్క్ అన్నీ దానికే పెట్టినం. డిస్క్ టిక్కు టిక్కుమనుకుంట ఒకసారి కనబడుడు, ఒకసారి మాయమగుడు. ఆఖరికి తెర మీద ఒక డబ్బా వచ్చింది: ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలె అని. దుకాణపాయనకు ఫోన్ చేస్తే, "కొట్టుండ్రి, మంచిగైతది" అన్నడు.

"ఆగు బిడ్డా, దాన్ని ముట్టకు" అన్న. ఫార్మాట్ అంటే గెట్లు చెరిపేసి కొత్తగ మడులు కట్టుడు. ఎవరి మడి ఎక్కడున్నదో డిస్క్‌కు మళ్ల తెల్వదు.

"మరి ఏం చేద్దాం నాయినా?" అన్నది.

ఆ టిక్కు చప్పుడు వింటే నాకు బోరు మోటరు యాదికొచ్చింది. లో వోల్టేజ్ ఉన్నప్పుడు మోటరు మూలుగుతది గనీ నీళ్లెత్తది. బోరుల నీళ్లు లేవని కాదు కదా! హబ్ తీసేసినం, మిగతా సామాన్లన్నీ తీసేసినం. ఒక మంచి కన్వర్టరుతోటి డిస్క్ ఒక్కదాన్నే నేరుగ లాప్‌టాప్‌కు పెట్టినం. తెరుచుకున్నది. ఒక్క ఫైలు పోలేదు.

ఎందుకట్లయిందో తర్వాత తెలుసుకున్న. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం 500 మిల్లీఆంపుల కరెంటిస్తది, లోపట నీలం రంగుండే 3.0 పోర్టు 900 ఇస్తది. లోపట పళ్లెం తిరిగే హార్డ్‌డిస్క్ మొదలు తిరుగుడు షురూ చేసేటప్పుడే ఎక్కువ కరెంటు గుంజుతది, మన మోటరు లెక్కనే. వేరే కరెంటు లేని హబ్‌కు నాలుగు సామాన్లు పెడితే లాప్‌టాప్ ఇచ్చే ఆ కొంచెమే నలుగురు పంచుకోవాలె. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద లెక్కకు మించి మోటర్లేసినట్టు. అందుకే హబ్ కొంటే సొంతంగ అడాప్టరు పెట్టుకునే రకం కొనుండ్రి. నేరుగ పెట్టినా టిక్కుమంటుంటే మాత్రం డిస్క్ లోపటనే చెడ్డట్టు. మళ్ల మళ్ల పెట్టి చూడొద్దు, డేటా తీసే తెలిసినోళ్లకు చూపియ్యాలె.

ఇగ పోర్టు సంగతి. యూఎస్‌బీ 1996ల వచ్చింది. దాన్ని తయారు చేసిన ఇంటెల్ ఇంజినీర్లల్ల ముఖ్యుడు అజయ్ భట్, మన దేశపాయనే, బరోడాల చదువుకున్నడు. ఎటు పెట్టినా పట్టేటట్టు అప్పుడే చెయ్యొచ్చు గనీ, వైర్లు రెండింతలై ఖర్చు పెరుగుతదని చెయ్యలేదట. ఎటు తిప్పినా పట్టే టైప్-సి 2014ల వచ్చింది. ఇది ఒక్క ఆకారం పేరే. పైపు సైజు ఒకటే అయినా నీళ్ల జోరు ఒకటి కాదు. ఫోన్ చార్జింగ్‌కు ఇచ్చే టైప్-సి కేబుళ్లు చానామట్టుకు పాత 2.0 స్పీడువే. దాంతోటి వంద జీబీ కాపీ కావాలంటే ముప్పావు గంట దాటొచ్చు. 3.0 కేబుల్‌తోటి మామూలు హార్డ్‌డిస్క్‌కు ఇరవై నిమిషాల లోపట కావచ్చు. కన్వర్టరు గూడ 3.0దేనా అని అడిగి తీసుకోవాలె. లాప్‌టాప్ మీద కూడ అన్ని టైప్-సి పోర్టులు ఒకటి కావు. ఒకటి టీవీకి బొమ్మ పంపొచ్చు, ఇంకోటి పంపకపోవచ్చు. పక్కన గుర్తులు చూసుకోవాలె.

డిస్క్ తిరుగుతున్నది, లైటు వెలుగుతున్నది, అయినా కనబడుతలేదంటే భయపడొద్దు. విండోస్‌ల స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువుండ్రి. అక్కడ డిస్క్ ఉండి, దానికి డి, ఇ అసొంటి అక్షరం లేకుంటే అక్షరం ఇయ్యండి. ఒక్కోసారి గంతే పని. ఫార్మాట్, ఇనీషియలైజ్ అని అడిగితే మాత్రం వద్దనుండ్రి.

యాపిల్ లాప్‌టాప్ కొన్నోళ్లకు ఇంకో తిప్పలున్నది. మన డిస్కులు ఎక్కువ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిల ఉంటయ్. యాపిల్ దాన్ని చదువుతది గనీ, దాంట్ల రాయది. డిస్క్ చెడిపోలేదు, భాష వేరు. రెండిట్ల వాడాలంటే ఎక్స్‌ఫాట్ పద్ధతి. ఫాట్32ల అయితే నాలుగు జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు, పెండ్లి వీడియోలు గక్కడనే ఆగుతయ్. పద్ధతి మార్చాలన్నా ఫార్మాటే, కాబట్టి ముందు సామానంతా ఇంకోదాంట్లకు ఎక్కించుకోవాలె.

ప్రింటరు, స్కానరు, వేలిముద్ర మిషన్ ఉన్నోళ్లు కొనకముందే ఒక మాట అడగాలె. 2024 జూన్ నుంచి స్నాప్‌డ్రాగన్ ప్రాసెసరున్న సన్న లాప్‌టాప్‌లు ఎక్కువగ వస్తున్నయ్. బ్యాటరీ మస్తు వస్తది. గనీ ఇంటెల్, ఏఎండీ మిషన్ల కోసం రాసిన పాత డ్రైవర్లు వాటిల నడువయ్. డ్రైవర్ అంటే మీ ప్రింటరు మాట లాప్‌టాప్‌కు అర్థం చేయించే సాఫ్ట్‌వేరు. విండోస్ 11 64-బిట్‌ది మాత్రమే, కాబట్టి 32-బిట్ డ్రైవర్ తప్ప వేరేది లేని బాగా పాత ప్రింటరు ఇంటెల్ లాప్‌టాప్‌ల కూడ పనిచెయ్యది. మీ సామాను మోడల్ నంబరు కాయితం మీద రాసుకపోయి, దుకాణంల అడిగి, వీలైతే అక్కడనే పెట్టి చూసి పైసలియ్యండి. ఎరువు బస్తా మీద అంకెలు చూడంది కొంటమా?

పని అయినంక డిస్క్‌ను ఊకె గుంజొద్దు. కింద మూలకు ఎజెక్ట్ కొట్టి, చప్పుడు ఆగినంక తియ్యాలె. రాసుడు సగంల ఉన్నప్పుడు గుంజితే ఫైళ్లు ఖరాబైతయ్.

మేమైతే డిస్క్ తెరుచుకున్న రాత్రే పహాణీలు, పాస్‌బుక్కు, అమ్మ పాటలు ఇంకో కొత్త డిస్క్‌ల కాపీ చేసినం. పాతది మా ఇంట్ల బీరువాల, కొత్తది మా చెల్లె వాళ్లింట్ల పెట్టినం. విత్తనం వడ్లు మా నాయిన ఎన్నడూ ఒక్క గుమ్మిల పొయ్యలేదు. మీ డిస్క్‌ల ఉన్నదానికి ఇంకో కాపీ లేకుంటే, కొత్త లాప్‌టాప్‌ల సినిమా చూసేముందు ఆ పని చెయ్యండి.