మన కొండ మీద మనం వాలంటీర్లమా?



చలికాలం సెలవుల్లో మేం ఆరుగురం ఊళ్లో ఏం చేశామో రాయమని గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. మేం చేసిన మంచి ఒక్కటే కాదు, చేసిన తప్పు కూడా రాస్తున్నాం.

వంజంగి మేఘాలు ఫోన్లలో తిరగడం మొదలయ్యాక పాడేరు చుట్టుపక్కల కొండలన్నిటికీ కొత్త చుట్టాలు పుట్టుకొచ్చారు. మా కొండకీ వచ్చారు. కొండ పేరు రాయట్లేదు, రాస్తే వచ్చే శనివారం ఇంకో పది కార్లొస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి శనివారం సాయంత్రం కాఫీ తోటల కింద బీడులో ముప్ఫై, నలభై టెంట్లు లేస్తాయి. మా ఊరి అన్నలే అద్దెకిస్తారు. వచ్చినవాళ్లు రాత్రి మంట చుట్టూ కూర్చుంటారు, తెల్లారి నాలుగింటికి లేచి కొండెక్కుతారు, మేఘాలు చూసి ఫొటోలు తీసుకుని తొమ్మిదికల్లా దిగిపోతారు. ఇక మాకు మిగిలేవి సీసాలు, బిర్యానీ డబ్బాలు, సగం కాలిన కట్టెలు. బీడు పక్కనే గెడ్డ. ఆ గెడ్డ నీళ్లే ఊరంతా తాగాలి. పోయినేడు మా అవ్వ ఒకావిడ బిందె ముంచి వాసన చూసి, "ఈ నీళ్లు తాగబుద్ధి కావట్లేదర్రా" అంది. ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

మాలో ఒకడు టూరిజం చదువుతున్నాడు. అమెరికా పార్కుల్లో క్యాంప్‌గ్రౌండ్ హోస్టులని ఉంటారని వాడే చెప్పాడు. ఎక్కువమంది రిటైరైన పెద్దవాళ్లు. సొంత బండి ఇల్లు తెచ్చుకుని సీజనంతా క్యాంపులోనే ఉంటారు. జీతం ఉండదు, ఉండే చోటు మాత్రం ఉచితం. వచ్చినవాళ్లను పలకరిస్తారు, దారి చెబుతారు, మంటలు పెట్టే చోట బూడిద తీస్తారు, రాత్రి పది దాటితే గోల తగ్గించమంటారు. కేసులు రాసే అధికారం వాళ్లకి లేదు. మాట వినకపోతే రేంజరుని పిలుస్తారంతే. అక్కడి జాతీయ పార్కుల్లో ఇలాంటి ఉచిత సేవ కోసం 1970లో చట్టమే చేశారు. ఇదేదో బాగుంది, మనమూ చేద్దాం అనుకున్నాం.

మొదటి శనివారం మొత్తం చెడింది. మెడలో కార్డులేసుకుని పోలీసుల్లాగా తిరిగాం. "ఇక్కడ తాగకూడదు, అక్కడ పడెయ్యకూడదు" అని లెక్చర్లిచ్చాం. ఒకాయన, "మీరెవర్రా అడగడానికి? డబ్బులు కట్టాం" అన్నాడు. మాలో ఒకడికి నోరు లేచింది, గొడవైంది. టెంట్ల అన్నలు మమ్మల్నే తిట్టారు.

ఆ రాత్రి అవ్వ దగ్గర కూర్చుంటే ఆవిడే అడిగింది, "ఇంటికి చుట్టం వస్తే ముందు తిడతారా, నీళ్లిస్తారా?"

మర్నాటి వారం నుంచి పద్ధతి మార్చాం. కారు దిగగానే కాచి చల్లార్చిన నీళ్లు గ్లాసుతో ఇచ్చాం. "ఇవి ఈ గెడ్డ నీళ్లేనండి. మా ఊరంతా ఇవే తాగుతుంది. మీరూ తాగండి" అన్నాం. ఇంకేం చెప్పలేదు. నమ్మండి, ఆ గ్లాసు నీళ్లు చేసిన పని మా బోర్డులు చెయ్యలేదు. తాగినవాళ్లలో చాలామంది గెడ్డలో గిన్నెలు కడగలేదు. మరుగుకి వెళ్లాలంటే నీళ్లకి రెండు వందల అడుగుల దూరం, గొయ్యి జానెడు లోతు, తర్వాత మట్టి కప్పాలి. ఇది అమెరికా క్యాంపుల్లో చెప్పే లెక్కే, మాకూ పనికొచ్చింది. మంటార్పడం కూడా అక్కడిదే నేర్చుకున్నాం: నీళ్లు పొయ్యాలి, కలబెట్టాలి, మళ్లీ పొయ్యాలి, చెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి పెట్టలేనంత వేడుంటే వదిలి వెళ్లకూడదు. ఒకరోజు తెల్లారుజామున చల్లారిందనుకున్న మంట గాలికి రేగి ఎండు గడ్డి అంటుకుంది. ఇద్దరు కొమ్మలతో కొట్టి ఆర్పారు. పది గజాల్లో మిరియాల తీగలున్న సిల్వర్ ఓక్ చెట్లున్నాయి. అది తల్చుకుంటే ఇప్పటికీ భయమే.

ఇంకొక రాత్రి ఒక గుంపు మాతో ఉన్న చెల్లిని దిమ్సా ఆడమంది. "ఎంత కావాలో చెప్పు" అన్నారు. దిమ్సా అంటే పదిమంది ఒకరి నడుము ఒకరు పట్టుకుని కలిసి ఆడేది, ఒక్క పిల్లని నిలబెట్టి చూసేది కాదు. మేం మగపిల్లలం ఏమనాలో తెలీక నిలబడ్డాం. చెల్లే, "పండక్కి రండి సార్, మా వాళ్లందరితో కలిసి మీరూ ఆడుదురు గాని" అని వచ్చేసింది. తను గట్టిగానే నిలబడింది. మేం నిలబడలేదు. అది ఒప్పుకోవాలి.

ఇప్పుడు మా తప్పు. జనవరిలో ఒకక్క మా దగ్గరికొచ్చింది. పోయినేడు ఆదివారాలు బీడు ఊడ్చి చెత్త ఎత్తినందుకు టెంట్ల వాళ్లు ఆమెకి కూలి ఇచ్చేవాళ్లు. ఈ ఏడు పిలవలేదు. "మీరు ఊరికే ఎత్తేస్తుంటే నన్నెందుకు పిలుస్తారు తమ్ముడూ?" అంది. కోపంగా కూడా అనలేదు. మేం సేవ అనుకున్నది ఆమె ఇంట్లో పొయ్యి మీద పడింది. రెండు నెలలు మాకా ఆలోచనే రాలేదు.

అప్పుడు ఆ అమెరికా సంగతి ఇంకొంచెం చదివాం. ప్రపంచంలో మొదటి జాతీయ పార్కు ఎల్లోస్టోన్, 1872. అక్కడ వేటాడుతూ బతికిన షోషోనీ వాళ్లను తర్వాత బయటికి పంపేశారు. యోసెమిటీ లోయలో 1851లోనే సాయుధ దళం వెళ్లి అక్కడి అవానీచీ జనాన్ని తరిమింది. మళ్లీ వచ్చి బతుకుతున్నవాళ్ల చివరి ఊరి ఇళ్లను 1969లో పార్కు వాళ్లే తీసేశారు. వాలంటీర్ల చట్టం మరుసటి ఏడే. ఈ రెంటికీ సంబంధం ఉందని మేం అనట్లేదు. కానీ ఒకటి తోచింది: ఇంటివాళ్లను పంపేశాక ఇల్లు చూసుకోడానికి ఎవరో ఒకరు ఊరికే రావాలి కదా. వాళ్లని హోస్టులంటారు. మరి మనం ఇంకా ఇంట్లోనే ఉన్నాం. మనం వాలంటీర్లం ఎలా అవుతాం?

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 చదవండి. అడవిని, నీటి వనరులను కాపాడే అధికారం హక్కుదారులకీ గ్రామసభకీ ఉందని రాసుంది. మెడలో కార్డు కంటే అది పెద్దది. మేం ఆ పేజీ పట్టుకుని గ్రామసభలో పెట్టమని పెద్దలనడిగాం. రెండు సార్లు కూర్చున్నారు. టెంట్ల అన్నలు మొదట ఒప్పుకోలేదు, "బేరం పోద్ది" అన్నారు. ఆఖరికి టెంటుకి యాభై రూపాయలు ఊరి ఖాతాలోకి, అందులోంచి ఆ అక్కకీ ఇంకో ఇద్దరికీ ఆదివారం కూలి, ఇంతవరకు తేలింది. పలకరించడం, రాత్రి కాపలా మా పని. చీపురు వాళ్లది, దానికి డబ్బులుంటాయి.

అన్నీ సర్దుకున్నాయని అనుకోకండి. మరుగుదొడ్లు లేవు. మూటకట్టిన చెత్త పాడేరు దించడానికి బండి దొరక్క ఒక వారమంతా బడి వరండాలోనే ఉంది, పంతులుగారితో మాటలు పడ్డాం. యాభై రూపాయల లెక్క ఎవరు రాయాలనేది ఇంకా తగువే.

లంబసింగి వైపు, మారేడుమిల్లి వైపు, అరకు వైపు ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఊళ్లలోనూ టెంట్లు లేస్తున్నాయి కదా. సేవ మొదలెట్టే ముందు ఒక్కటడగండి: ఈ పని ఇప్పటిదాకా ఎవరు చేస్తున్నారు, వాళ్లకి కూలి వస్తోందా? మేం అడగలేదు. తర్వాత గ్రామసభకి వెళ్లండి, తర్వాతే క్యాంపుకి. నీళ్ల గ్లాసు మాత్రం మర్చిపోకండి.

వచ్చే నవంబరుకి మాకు ఇంకో నలుగురు కావాలి. అవ్వ నీళ్లు కాచడానికి ఒప్పుకుంది.

జై ఆదివాసీ.