టి కణానికి చిక్కని కణితి: వనస్థలిపురం నుంచి హబ్సిగూడకు

హైదరాబాదులోని వనస్థలిపురం నుంచి ఎల్బీనగర్ చౌరస్తా, నాగోలు, ఉప్పల్ మీదుగా సాగే ప్రయాణం హబ్సిగూడలోని సీసీఎంబీ వద్ద ముగుస్తుంది. పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో 1977లో ఆరంభమైన ఈ కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ప్రజలకు ద్వారాలు తెరిచే రోజున, సూక్ష్మదర్శినిలో జీవకణాన్ని చూసిన సందర్శకునికి ఒక ప్రశ్న తప్పక కలుగుతుంది: ఒంట్లోనే పెరిగే కణితిని రోగనిరోధక వ్యవస్థ ఎందుకు పట్టుకోలేకపోతుంది?

దాదాపు ప్రతి కణమూ తాను తయారుచేసిన ప్రొటీన్లలో కొన్నిటిని తునకలు చేసి, సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాల పొడవుండే ఆ తునకలను తన పైపొర మీద ప్రదర్శిస్తుంది. వాటిని పట్టి ఉంచేవి ఎంహెచ్‌సీ మొదటి తరగతి అణువులు; మనుషుల్లో వీటిని హెచ్‌ఎల్‌ఏ అంటారు, వీటి ప్రధాన జన్యువులు 6వ క్రోమోజోము మీద ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థలోని సంహారక టి కణం ఈ అణువునూ తునకనూ కలిపి మాత్రమే గుర్తించగలదని కనుగొన్న డోహర్టీ, జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ బహుమతి లభించింది.

కణ విభజనను అదుపు తప్పించే క్యాన్సర్ జన్యువుల్లో కొన్ని ఈ ప్రదర్శననూ అణచివేస్తాయి. అడినోవైరస్ 12వ రకపు ఈ1ఏ జన్యువు ఎలుక కణాల్లో ఈ పని చేస్తుందని 1983లో వెల్లడైంది. ఆ దశాబ్దంలోనే న్యూరోబ్లాస్టోమా అనే నాడీకణ క్యాన్సర్ కణాల్లో ఎన్-మిక్, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాల్లో సి-మిక్ జన్యువులు ఇలాగే ప్రవర్తిస్తాయని తేలింది. పెరుగుదలనూ మరుగునూ ఒకే జన్యువు సమకూర్చడం క్యాన్సర్ శాస్త్రంలో అత్యంత కలవరపరిచే విషయాల్లో ఒకటి.

అయితే ఇలా అణగిన హెచ్‌ఎల్‌ఏ జన్యువు చెడిపోలేదు, దాని నకలు తీయడం మాత్రమే తగ్గింది. కాబట్టి టి కణాలు స్రవించే ఇంటర్‌ఫెరాన్-గామా తగిలితే చాలా కణాల్లో ఆ అణువులు తిరిగి పైకి వస్తాయి. అణువుకు ఆధారమైన బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ జన్యువే పోయిన కణితిలో మాత్రం ఆ దారి మూసుకుపోతుంది. అణువులు పూర్తిగా లోపించిన కణాన్ని ఎన్‌కే కణాలు అనే మరో రకం సంహారకాలు, అవి లేవన్న కారణంతోనే చంపగలవని శాస్త్రవేత్త కార్రే 1986లో చూపడంతో, కణితికి పూర్తి అదృశ్యం కూడా క్షేమం కాదని స్పష్టమైంది.

టి కణాల మీది అడ్డును తొలగించే నేటి మందులకు బాటవేసిన అల్లిసన్, హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. కానీ కణితి మీద హెచ్‌ఎల్‌ఏ లేనప్పుడు అడ్డు తొలగిన టి కణానికి అక్కడ చూడటానికేమీ ఉండదు కనుక, ఖరీదైన ఆ మందుకు ముందు కణితిలో ఆ అణువులు అణగి ఉన్నాయా, అసలే లేవా అని తేల్చుకోవడం రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే నిరుపేద రోగి విషయంలో మరింత అవసరం.